వజ్రాలు కడిగే తొట్టిలో మందు పరీక్ష

మందుల నాణ్యత చూసే క్యూసీ ల్యాబ్‌లో చేరుతున్నామని చెప్పడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. సంతోషం అని, అక్కడ మీ పని ఏమిటని అడుగుతాను. పరీక్షలు చేయడమండీ అంటారు. పరీక్షలు మెషీన్ చేస్తుంది. సరుకు ఎప్పుడెప్పుడు పంపిద్దామా అని తహతహలాడే మనుషుల మధ్య కూర్చుని, అవసరమైన రోజున "పంపడానికి వీల్లేదు" అనడం మీ పని. అలాంటి రోజు ఏడాదికి ఒక్కటి కూడా రాకపోవచ్చు. మిగతా రోజుల్లో మిమ్మల్ని ఎందుకు పోషిస్తున్నాడో యజమానికి అర్థం కాదు. ఆ ఒక్క రోజున అసలే అర్థం కాదు.

కరీంనగర్‌లో చదువు ముగించి, పెళ్లయి సూరత్ వచ్చాను. మావారు హజీరాలో ఇంజినీరు. నాకు ఊరి బయట ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో చిన్న మందుల కంపెనీలో పని దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవే తక్కువ, వచ్చినప్పుడల్లా బోర్డు మారింది గానీ నెత్తి మీద తిరగని ఫ్యాన్ మారలేదు.

యజమాని పేరు హస్ముఖ్‌భాయ్ అనుకుందాం. మంచివాడు. మంచివాళ్ల దగ్గర ఈ ఉద్యోగం కష్టం. చెడ్డవాడైతే నాలుగు మాటలని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోవచ్చు. ఈయన మనం కాదన్నప్పుడు కోప్పడడు, బాధపడతాడు. కరోనా వచ్చాక గేటు దగ్గర నిలబడి ప్రతి ఒక్కరి చేత మిరియాలూ శొంఠీ వేసి మరిగించిన కఢా తాగించేవాడు. అది తాగినవాడికి రోగం వచ్చినా రాకపోయినా నాలుక మీద రుచి మాత్రం పోయేది. రుచి తెలియకపోతే కరోనా అని అప్పుడందరి భయం. దాంతో సగం మంది తమకు అంటుకుందేమోనని కంగారుపడేవాళ్లు.

కుడి కొంగు, ఎడమ కొంగు

మేం తయారు చేసేది రక్తపోటు మాత్రల్లో పడే ఒక పొడి. ఆ పొడి అణువుతో ఒక చిక్కుంది. అది రెండు రకాలుగా పుడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు దీన్ని చీరతో చెప్పేదాన్ని. నేను కొంగు ఎడమ భుజం మీద వేసుకుంటాను. మా పక్కింటి గుజరాతీ ఆవిడ వెనక నుంచి తెచ్చి కుడి భుజం మీదుగా ముందుకు వేసుకుంటుంది. అదే చీర, అదే అంచు, అంతే బరువు. ఉతికినా ఆరేసినా తేడా కనిపించదు. కట్టుకున్నప్పుడే తెలుస్తుంది. అణువుల్లోనూ ఇలాగే కుడిదీ ఎడమదీ ఉంటాయి. మా మందులో కుడిది రక్తపోటు తగ్గిస్తుంది. ఎడమది ఆ పని చేయకపోగా ఒంట్లో వేరే వ్యవహారాలు పెట్టుకుంటుంది. అందుకే నామమాత్రానికి మించి దాన్ని ఉండనివ్వకూడదని నియమం.

రెంటినీ విడదీయడానికి కాలమ్ అనే స్టీలు గొట్టం ఉంటుంది, జానెడు కంటే కాస్త పొడవు. లోపల మెత్తటి పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడికి కుడి అణువంటే కొంచెం ఎక్కువ మక్కువ. శాంపిల్‌ను ద్రావకంతో కలిపి లోపలికి తోస్తే ఎడమది గబగబా బయటపడుతుంది, కుడిది ఆ పొడితో కబుర్లాడుతూ వెనక వస్తుంది. కంప్యూటర్ తెర మీద రెండు మిట్టలు లేస్తాయి. వాటిని మేం పీకులంటాం. ముందు చిన్నది, తర్వాత పెద్దది. రెంటి మధ్య గీత నేలకు దిగితేనే లెక్క నమ్మాలి.

అన్ని కాలమ్‌లూ ఈ పని చేయలేవు. చేయగలిగిన కాలమ్ విదేశం నుంచి రావాలి. లాక్‌డౌన్ పెట్టేసరికి మాది ముసలిదైపోయి ఉంది, కొత్తది ఏ దేశపు ఓడరేవులోనో ఇరుక్కుపోయి ఉంది.

మందుల కంపెనీలకు పాసులిచ్చారు కాబట్టి మేం పనిచేస్తూనే ఉన్నాం, ఉన్న కొద్దిమందితో. ల్యాబ్‌లో నేనూ స్రవంతీ. స్రవంతి సిరిసిల్ల నుంచి వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డ సాంచాల, అంటే మరమగ్గాల, కార్మికుడి కూతురు, ఇక్కడే పుట్టి పెరిగింది. నాతో తెలుగులో, మెషీన్‌తో హిందీలో, యజమానితో గుజరాతీలో మాట్లాడేది. ఏప్రిల్‌లో ఒక బ్యాచ్ తయారై వచ్చింది. దాన్ని మెషీన్‌లో పెట్టి, తెర చూసి నన్ను పిలిచింది.

"మేడమ్, గిది జర చూడుండ్రి. చిన్న పీక్ ఏడున్నదో సమజైతలేదు. పోయి పెద్దదాని ఒళ్లె కూసున్నట్టుంది."

నిజమే. పెద్ద మిట్ట కాలి దగ్గర కొంచెం వాపు తప్ప ఇంకేమీ లేదు. మాత్రలు చేసే కంపెనీ నుంచి రోజూ ఫోన్లు. షాపుల్లో మాత్రలు అయిపోతున్నాయని పేపర్లో వార్తలు. హస్ముఖ్‌భాయ్ వచ్చి తెర చూసి, కనబడటం లేదంటే లేనట్టే కదా అన్నాడు. కళ్లజోడు తీసేస్తే ఎదురుగా వచ్చే లారీ కూడా కనబడదు అన్నాను. ఆయన బాధపడ్డాడు.

కాంతిభాయ్ తొట్టి

ఎప్పుడో ఒక పత్రికలో చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కాలమ్‌ను అల్ట్రాసౌండ్ తొట్టిలో ముంచి నడిపితే కొన్ని సందర్భాల్లో పీకులు సన్నబడి విడిపోతాయని. చదివినప్పుడు, పనీపాటా లేనివాళ్లు అనుకున్నాను. కాలమ్‌లోని పొడి గింజల నిండా కంటికి కనిపించని గుంతలుంటాయి. అణువులు వాటిలోకి దూరి బయటికి రావాలి. కొన్ని చురుగ్గా వస్తాయి, కొన్ని బద్ధకిస్తాయి. ఆ బద్ధకస్తుల వల్లే పీక్ లావెక్కి పక్కదాని మీద పడుతుంది. చెవికి అందని శబ్దం లోపల సన్నటి అలజడి పుట్టించి, బద్ధకించినవాటిని తొందరపెడుతుందని సిద్ధాంతం.

మా ల్యాబ్‌లో అలాంటి తొట్టి ఉంది, పొడులు కరిగించడానికి. టిఫిన్ డబ్బా అంత. కాలమ్ అందులో పట్టదు. పెద్ద తొట్టి కావాలంటే బజారంతా మూసి ఉంది. ఈ మాట హస్ముఖ్‌భాయ్‌తో అంటే, మా వియ్యంకుడి దగ్గర ఉంది అన్నాడు. ఆయన వియ్యంకుడు కాంతిభాయ్‌కి కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టే యూనిట్ ఉంది. సానపట్టిన రాళ్లను కడిగేది అల్ట్రాసౌండ్ తొట్టిలోనే. యూనిట్ మూతపడి తొట్టి ఖాళీగా ఉంది.

మందుల టెంపోలో తొట్టి వచ్చింది. తొట్టి కంటే ముందు కాంతిభాయ్ దిగాడు, మాస్కు గడ్డం కింద పెట్టుకుని. తొట్టిని విడిచి ఉండలేనన్నాడు. ల్యాబ్ తలుపు బయట కుర్చీ వేయించుకుని, తన మేనకోడలి పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చున్నాడు.

మేం వాడే ద్రావకం పెట్రోలుకు తోబుట్టువు లాంటిది. అది కారి, కరెంటు తొట్టి మీద పడిందంటే పీకులతో పాటు మేమూ విడిపోతాం. ఆ ఒక్క విషయంలో నేను ఎవరి తొందరా వినలేదు. అతుకులన్నీ నీటికి దూరంగా బయట పెట్టించి, గాలి లాగే గొట్టం తొట్టి నెత్తినే పెట్టించి, ద్రావకం చుక్క కూడా కారడం లేదని తేలాకే స్విచ్చి వేయనిచ్చాను. చెవికి అందని శబ్దం అంటారు గానీ, అందే శబ్దం కూడా దండిగానే వచ్చింది. ఎస్టేట్ కుక్కలు లేచి రోడ్డు అవతలికి వెళ్లిపోయాయి. కాంతిభాయ్ మాత్రం గర్వంగా చూశాడు.

కుళాయి నీళ్లు పోసి, శబ్దం పూర్తిగా పెంచి, కుడిదానిలో కాస్త ఎడమది కలిపి ఉంచుకున్న శాంపిల్ పెట్టాం. రెండు పీకులూ తొందరగా వచ్చాయి, కానీ ఒక్కటైపోయి వచ్చాయి. ఇంతకుముందున్న ఆ కాస్త వాపు కూడా లేదు. ఉన్నది గూడ పోయింది మేడమ్ అంది స్రవంతి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆపేద్దామనుకుంటూనే టీ తాగడానికి వెళ్లాం. వరసలో ఉన్న తర్వాతి శాంపిల్‌ను మెషీన్ తన దారిన తను నడుపుతూ ఉంది.

తిరిగి వచ్చేసరికి తెర మీద రెండు పీకులు విడివిడిగా నిలబడి ఉన్నాయి.

వేడా, శబ్దమా

హస్ముఖ్‌భాయ్ చప్పట్లు కొట్టాడు. కాంతిభాయ్ లేచి తన తొట్టిని తట్టాడు. అల్ట్రాసౌండ్ మహిమ అని అందరూ ఒప్పేసుకున్నారు. ఇప్పుడు ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు నా మాట ఒకటి వినండి. అందరూ సంతోషంగా ఉన్న గదిలో మీ మొహం మాడ్చుకోవడానికి సిగ్గుపడకండి.

తొట్టిలో చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు బాగా వెచ్చగా ఉన్నాయి. శబ్దం నడుస్తుంటే నీళ్లు వాటంతట అవే వేడెక్కుతాయి. మరి పీకుల్ని విడదీసింది శబ్దమా, వేడా? తెలియకపోతే రేపు మళ్లీ చేయలేం. చేయలేనిదాన్ని పరీక్ష అనరు, అదృష్టం అంటారు.

నీళ్లను అదే వెచ్చదనంలో ఉంచి శబ్దం ఆపి నడిపాం. మళ్లీ శబ్దం పెట్టి నడిపాం. వరసలు మార్చి మార్చి నడిపాం. శబ్దం పెట్టినప్పుడు నీళ్లు కాగిపోకుండా స్రవంతి థర్మామీటర్ పట్టుకుని, వంటింట్లో పులుసు చూసుకున్నట్టు గరిటెతో చల్లనీళ్లు కలుపుతూ నిలబడింది. తేలిందేమిటంటే, మేలులో ఎక్కువ భాగం వేడిదే. చల్లటి నీళ్లలో శబ్దం చెడగొట్టింది. వెచ్చటి నీళ్లలో మాత్రం నిజంగానే కొంత సాయం చేసింది, పీకుల్ని ఇంకాస్త సన్నబరిచింది. సాయం కొంచెమే. కానీ మధ్యలో గీత నేలకు దిగడానికి సరిగ్గా ఆ కొంచెమే తక్కువై ఉంది.

కాంతిభాయ్‌కి ఈ లెక్క నచ్చలేదు. ఘనతంతా వేడిదే అయితే గ్యాస్ పొయ్యి తెచ్చుకోవాల్సింది కదా అన్నాడు. ఆయన బాధలో న్యాయం ఉంది.

దాక్కున్నది బయటపడింది

ఇక అసలు బ్యాచ్‌ను కొలిచాం. చిన్న పీక్ బయటికొచ్చింది. అది చిన్నగా లేదు. ఉండాల్సిన దానికంటే బాగా ఎత్తుగా, అందరికీ కనబడేలా నిలబడింది. ముసలి కాలమ్ ఇన్నాళ్లూ దాన్ని ఒళ్లో దాచిపెట్టింది.

హస్ముఖ్‌భాయ్ చాలాసేపు చూశాడు. "పద్మాబెన్, నేను పీకులు విడదీయమన్నాను. కొత్తది పుట్టించమనలేదు" అన్నాడు.

ఆ మాటే పట్టుకుని మర్నాడు వీడియోలో ఒక సలహాదారుని కూర్చోబెట్టాడు. ఆయన వడోదరాలో ఉండే పెద్ద మనిషి, ఫోన్ గడ్డానికి ఆనించి పెట్టడంతో మాకు ముక్కు రంధ్రాలే కనిపించాయి. అల్ట్రాసౌండ్ నీళ్లలో బుడగలు పుట్టిస్తుంది, అవి పగిలేచోట విపరీతమైన వేడి పుడుతుంది, దానివల్ల కుడి అణువులు కాలమ్‌లోనే ఎడమవిగా తిరగబడి ఉండొచ్చు, అంటే దోషం బ్యాచ్‌లో లేదు, మీ పరీక్షలో ఉంది అన్నాడు. ప్రొడక్షన్ మేనేజర్ మహేశ్‌భాయ్ గబుక్కున తలూపాడు.

మహేశ్ తలూపిన తీరు నాకు నచ్చలేదు గానీ, సలహాదారు మాట తీసిపారేయదగ్గది కాదు. ఆయన దాన్ని యజమానిని సంతోషపెట్టడానికే అన్నాడని నాకు తెలుసు. అయినా ప్రశ్న మంచిది. ఎవరి నోట్లోంచి వచ్చిందని చూసి ప్రశ్నను తోసేసిన కెమిస్టులు ఎంతమంది బోర్లాపడ్డారో నేను చూశాను.

దీనికి జవాబు తేలిక. మా దగ్గర స్వచ్ఛమైన కుడి అణువు సీసా ఉంది. దాన్ని అదే తొట్టిలో, అదే వేడిలో, అదే శబ్దంతో నడపాలి. శబ్దం అణువుల్ని తిప్పేస్తుంటే అందులోనూ ఎడమ పీక్ పుట్టాలి. అందరినీ ల్యాబ్‌కి పిలిచి, నేల మీద దూరం కోసం గీసిన వృత్తాల్లో నిలబెట్టాను. కాంతిభాయ్‌కి కూడా ఒక వృత్తం ఇచ్చాం. సలహాదారుని బల్ల మీద ఫోన్‌లో నిలబెట్టాం.

తెర మీద గీత నేల వెంబడి పాక్కుంటూ వచ్చింది. ఎడమది రావాల్సిన చోటు దాటింది. ఏమీ లేవలేదు. ఆ తర్వాత కుడిది ఒక్కటే లేచింది. మళ్లీ నడిపాం, అదే. కుడిదానిలో తెలిసిన మోతాదులో ఎడమది కలిపి నడిపాం. కలిపినంతే వచ్చింది. ఈలోగా ఫోన్‌లో ముక్కు మాయమైంది. నెట్ పోయినట్టుంది అన్నాడు హస్ముఖ్‌భాయ్. తిరిగి రాలేదు.

చివరికి మహేశ్ మాస్కు సర్దుకుని మొదలుపెట్టాడు.

"బంద్ చెప్పిన మర్నాడు షిఫ్టుకి ఎవరూ రాలేదు. బార్డోలీ వైపు నుంచి వచ్చేవాళ్లు బస్సుల్లేక అక్కడే ఆగిపోయారు. రియాక్టర్లో సరుకు ఉంది. వేడి ఆపితే గడ్డకట్టి పైపులన్నీ మూసుకుపోతాయి. ఉంచితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. ఒక్కణ్ణే ఉన్నాను పద్మాబెన్, ఉంచేశాను."

అదీ సంగతి. రియాక్టర్ అంటే సరుకు ఉడికే పెద్ద పాత్ర, అందులో క్షారం ఉంటుంది. ఆ క్షారంలో, ఆ వేడిలో గంటల తరబడి నిలవుంటే కుడి అణువులు మెల్లగా ఎడమకు తిరుగుతాయి. నాకు మహేశ్ మీద కోపం రాలేదు. దొంగతనం చేసినవాడు వేరు, మరుగుతున్న రియాక్టర్ దగ్గర ఒంటరిగా చిక్కుకున్నవాడు వేరు. చెప్పకుండా దాచిపెట్టినందుకు మాత్రం నాలుగు మాటలన్నాను. పడ్డాడు.

సంతకం

కథ ఇక్కడితో అయిపోవాలి. అవలేదు. హస్ముఖ్‌భాయ్ నన్ను తన గదికి పిలిచి, తలుపు తెరిచే ఉంచి, మెల్లగా చెప్పాడు. ఈ తొట్టి పద్ధతికి ఎవరి ఆమోదమూ లేదు. ఆమోదం లేని పరీక్ష ఫలితం ఫలితమే కాదు. పాత పద్ధతిలో చిన్న పీక్ కనబడలేదు. కనబడలేదని రాసి పంపేద్దాం. మాత్రల కోసం జనం షాపుల ముందు నిలబడి ఉన్నారు.

చివరి మాటే నన్ను ఇబ్బంది పెట్టింది. అది అబద్ధం కాదు. మాత్ర దొరక్క పడిపోయేవాళ్లు కూడా ఉంటారు. కానీ అసలు దొరక్కపోవడం కనీసం తెలుస్తుంది, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఇంకో మందు రాయించుకుంటారు. మాత్రలో సరుకు సరిగ్గా లేదని మింగేవాడికి ఎలా తెలుస్తుంది?

"దీంతో సరే అనే అధికారం నాకు లేదు, నిజమే. వద్దనడానికి మాత్రం ఇది చాలు" అన్నాను.

ఆయన నా మొహం చూడకుండా, అయితే ఇంకొకరితో సంతకం పెట్టించుకుంటానన్నాడు. ల్యాబ్‌లో సంతకానికి అర్హత ఉన్న రెండో మనిషి స్రవంతి ఒక్కతే. ఆమె తండ్రి పనిచేసే సాంచాలు ఆగిపోయి అప్పటికి వారాలైంది. ఆ ఇంట్లో ఆడుతున్న చెయ్యి ఈ అమ్మాయిదే. ఆయన ఆమెను పిలిపించాడు. నేను బయటికి వచ్చేశాను. నేనక్కడ ఉంటే ఆమె నా కోసం మాట్లాడాల్సి వస్తుంది. అది కూడా ఒత్తిడే.

కాసేపటికి వచ్చి, చేతికి గ్లవుజులు తొడుక్కుంటూ నిలబడింది. ఏమన్నావని అడిగాను. గుజరాతీలో అన్నదాన్ని నాకు తెలుగులో చెప్పింది.

"మా నాయిన బీపీ గోలీలు ఏస్కుంటడు సేట్ అన్న. గవి ఎవరి పొడితోని చేస్తరో మాకెర్కలేదు, మాదే కావొచ్చు అన్న. గంతే మేడమ్."

ఒక గ్లవుజు చిరిగింది. ఇంకోటి తీసిచ్చాను.

హస్ముఖ్‌భాయ్ బ్యాచ్ ఆపాడు. మాత్రల కంపెనీకి తనే ఫోన్ చేశాడు. అవతలివాళ్లు అరుస్తుంటే వింటూ నిలబడిన మనిషిని అద్దంలోంచి చూశాను. సరుకంతా మళ్లీ కరిగించి, ఎడమది వదిలిపోయేలా మళ్లీ స్ఫటికాలు కట్టించాల్సి వచ్చింది. ఆ పనిలో చాలా భాగం పోతుంది. మహేశ్ ఇంటికి వెళ్లకుండా రియాక్టర్ దగ్గరే ఉండి చేయించాడు. ఆయన్ను పనిలోంచి తీసేయమని ఎవరూ అనలేదు. అననివ్వలేదు అనడం సరైన మాట, అది హస్ముఖ్‌భాయ్ మంచితనమే.

వానలు మొదలయ్యాక కొత్త కాలమ్ వచ్చింది. ముందు, ఆపేసిన బ్యాచ్‌లోంచి తీసి ఉంచిన పాత శాంపిల్‌ను నడిపాం. తొట్టి చెప్పిందే అది కూడా చెప్పింది, ఇంకా శుభ్రంగా. నేను వెళ్లి చెప్తే హస్ముఖ్‌భాయ్ తలూపి, కాంతిభాయ్‌కి ఫోన్ చేసి మీ తొట్టి గెలిచింది అన్నాడు. నా పేరు గానీ స్రవంతి పేరు గానీ రాలేదు. మీకు ఇలాంటి ఉద్యోగంలో శభాష్‌లు కావాలంటే సేల్స్‌లో చేరండి.

శుద్ధి చేసి, కొత్త కాలమ్ కోసం ఆపి ఉంచిన సరుకు పరీక్షకు వచ్చిన రోజు ఆయన పిలవకుండానే ల్యాబ్‌కి వచ్చాడు. స్రవంతి నడిపింది. పెద్ద పీక్ ముందర, గీత నేలకు అంటుకుని, కనబడీ కనబడనంత చిన్న బుడిపె. బ్యాచ్ పాసయింది. సరుకు పంపేయమని కేకేస్తూ బయటికి పరిగెత్తాల్సిన మనిషి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. ఆ బుడిపె మీద వేలు పెట్టాడు.

"ఇది నిజంగానే ఇంత చిన్నదా, లేక ఎక్కడైనా దాక్కుందా?"

ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి ఆ ప్రశ్న రావడం అదే మొదటిసారి. పాసైన బ్యాచ్ గురించి యజమాని అలా అడగడం నేను ఇంకెక్కడా వినలేదు కూడా. స్రవంతి నా వైపు చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు తలూపాను. ఆమె కొంచెం ఎడమ అణువు తీసి అదే శాంపిల్‌లో కలిపి, మళ్లీ మెషీన్‌లో పెట్టి, కలిపినంతా ఈ బుడిపెలోనే పెరిగితే ఏదీ దాక్కోలేదన్నట్టే, కూర్చుని చూడండి సేట్ అంది. లారీ బయట హారన్ కొడుతూనే ఉంది. ఆయన కదల్లేదు.